డిస్క్ ఖాళీ అని కంప్యూటర్ చెబితే ఎంతవరకు నమ్మాలి?

క్లుప్తంగా: సీడీ, డీవీడీ, బ్లూరేల మీద ఫైళ్ల పట్టిక రాసే పద్ధతులు చాలా ఉన్నాయి. ముందు వచ్చింది ఐఎస్‌ఓ 9660. దాని లోటు తీర్చడానికి జోలియెట్, రాక్ రిడ్జ్ వచ్చాయి. ఆ తర్వాత యూడీఎఫ్ వచ్చింది, అందులో మళ్లీ ఆరు వెర్షన్లు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వీటిలో వేటిని చదువుతుందో అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అందువల్ల ఒక కంప్యూటర్‌లో ఖాళీగా కనిపించిన డిస్క్ పక్క కంప్యూటర్‌లో నిండుగా తెరుచుకోవచ్చు. ఫార్మాట్ చేయాలా అని స్క్రీన్ అడిగినప్పుడు ఒప్పుకోకుండా, ముందు ఆ డిస్క్ ఏ పద్ధతిలో రాసిందో చూసుకోవాలి.

హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో బీరువా తెరిస్తే ఈ డిస్కులు బయటపడతాయి. పదిహేనేళ్ల కిందటి పెళ్లి డీవీడీ, ఎంఆర్‌ఐ తీయించినప్పుడు ఫిల్ముతో పాటు కవర్లో పెట్టి ఇచ్చిన సీడీ, డీటీపీ సెంటర్లో పుస్తకం ఫైళ్లు రాయించుకున్న సీడీ. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్క్ డ్రైవ్ రావడం లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి యూఎస్‌బీ డీవీడీ రైటర్ కొని తెచ్చి, డిస్క్ పెట్టగానే, వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని విండోస్ చెబుతుంది. లేదా ఖాళీ డిస్క్ అని చూపిస్తుంది. డిస్క్ పోయిందనుకుని పారేసేవాళ్లున్నారు. అది తిరగరాసే డిస్క్ అయి, అడిగినదానికి సరే అని నొక్కితే నిజంగానే పోతుంది.

ఒకే ఇంటికి రెండు అడ్రసులు

కోఠిలో పాత ఇల్లు ఒకటి ఉందనుకుందాం. పోస్ట్‌మ్యాన్ డోర్ నంబరు చూసుకుని వస్తాడు. ఆటోవాడికి డోర్ నంబరు చెబితే తెలియదు, విమెన్స్ కాలేజీ వెనక సందు అంటే తెలుస్తుంది. ఇల్లు ఒకటే, చేరుకునే దారులు రెండు. ఆప్టికల్ డిస్క్ మీద జరిగేదీ ఇదే. ఫొటోలు, వీడియోలు అనే అసలు సరుకు ఒక్కచోటే ఉంటుంది. అది ఏ సెక్టార్ దగ్గర మొదలవుతుందో చెప్పే పట్టికలు మాత్రం రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు ఉంటాయి.

డేటా డిస్క్ 2048 బైట్ల సెక్టార్లుగా విడిపోయి ఉంటుంది. 0 నుంచి 15 వరకు ఉన్న మొదటి 16 సెక్టార్లను, అంటే 32 కేబీని, ఐఎస్‌ఓ ప్రమాణం వదిలేసింది. 16వ సెక్టార్ నుంచి డిస్క్ తన గురించి చెప్పుకోవడం మొదలుపెడుతుంది. బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే హెక్స్ ఎడిటర్‌తో ఆ సెక్టార్ తెరిస్తే మొదటి బైట్ 01, దాని వెంట 43 44 30 30 31 కనిపిస్తాయి. ఆ ఐదు బైట్లను అక్షరాలుగా చదివితే 'సీడీ001'. ఐఎస్‌ఓ 9660 పట్టిక ఉందనడానికి అదే గుర్తు. తర్వాతి సెక్టార్‌లో మొదటి బైట్ 02 ఉంటే అది అదనపు పట్టిక, సాధారణంగా జోలియెట్. యూడీఎఫ్ ఉన్న డిస్క్‌లో ఇదే వరసలో 'బీఈఏ01', 'ఎన్‌ఎస్‌ఆర్02' లేదా 'ఎన్‌ఎస్‌ఆర్03', చివర 'టీఈఏ01' అనే గుర్తులు వస్తాయి. ఎన్‌ఎస్‌ఆర్ పక్కన 02 ఉంటే యూడీఎఫ్ 1.50 లేదా అంతకన్నా పాతది, 03 ఉంటే 2.00 లేదా ఆ తర్వాతిది. అక్కడి నుంచి యూడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, 256వ సెక్టార్‌కు వెళ్లి అసలు పట్టిక ఎక్కడుందో తెలుసుకుంటుంది.

రెండు గుర్తుల వరసలూ ఒకదాని దారికి ఒకటి అడ్డం రాకుండా కుదరడం వల్లే ఒకే డిస్క్ మీద ఐఎస్‌ఓ, యూడీఎఫ్ పక్కపక్కన ఉండగలుగుతున్నాయి. అలాంటి దాన్ని బ్రిడ్జ్ డిస్క్ అంటారు. సినిమా డీవీడీలు ఈ పద్ధతిలో వచ్చినవే.

రెండు పట్టికలూ ఒకే సంగతి చెప్పాలన్న నియమం లేదు. విండోస్ విస్టా నుంచి వచ్చిన ఇన్‌స్టలేషన్ డిస్కులే దీనికి ఉదాహరణ. వాటిని ఐఎస్‌ఓ పట్టికతో తెరిస్తే ఒకే ఒక్క 'రీడ్‌మీ' ఫైల్ కనిపిస్తుంది. ఈ డిస్క్‌లో యూడీఎఫ్ ఉంది, దాన్ని చదివే సిస్టమ్ కావాలి అని అందులో రాసి ఉంటుంది. గిగాబైట్ల కొద్దీ ఫైళ్లు యూడీఎఫ్ పట్టికలోనే ఉంటాయి. డౌన్‌లోడ్ సగంలో ఆగిపోయిందేమోనని మళ్లీ దింపుకునేవాళ్లు చూడాల్సింది ఇక్కడ.

ఎనిమిది అక్షరాల పేరు, దాని అతుకులు

సీడీ మీద డేటా పెట్టడం మొదలైన రోజుల్లో ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతి పాటించేది. 1985లో ఆ కంపెనీల ప్రతినిధులు అమెరికాలోని లేక్ తాహో దగ్గర హైసియెర్రా హోటల్లో కలిసి ఒక ఉమ్మడి పద్ధతికి రూపం ఇచ్చారు. కొద్ది మార్పులతో అదే 1988లో ఐఎస్‌ఓ 9660 అయింది. అన్ని యంత్రాల మీదా నడవాలి కనుక అందరికన్నా తక్కువ సామర్థ్యం ఉన్నవాడిని దృష్టిలో పెట్టుకుని నియమాలు పెట్టారు. లెవెల్ 1లో ఫైల్ పేరు 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్ 3 అక్షరాలు, వాడదగినవి ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్. ఫోల్డర్లు 8 అంతస్తులకు మించి లోతుకు పోకూడదు.

ఈ కట్టుబాటు ఎంత పనికొస్తుందో స్కాన్ సెంటర్ సీడీని చూస్తే తెలుస్తుంది. వైద్య చిత్రాల ప్రమాణమైన డైకామ్, సీడీల కోసం ఐఎస్‌ఓ 9660 లెవెల్ 1నే ఎంచుకుంది. ఫైల్ పేర్లు 8 అక్షరాలకు మించవు, ఎక్స్‌టెన్షన్ కూడా ఉండదు. రూట్‌లో, అంటే అన్నిటికన్నా పైనున్న ఫోల్డర్‌లో, 'డైకామ్‌డిర్' అనే సూచిక ఫైల్ తప్పకుండా ఉంటుంది. అందుకే అలాంటి సీడీ విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఇబ్బంది లేకుండా తెరుచుకుంటుంది. చూడటానికి ముతకగా ఉన్నా, మనిషి ఆరోగ్యానికి సంబంధించిన రికార్డుకు ఇంతకన్నా మంచి ఎంపిక ఆ రోజుల్లో లేదు.

ఇంట్లో వాడుకునేవాళ్లకు మాత్రం ఎనిమిది అక్షరాలు చాలలేదు. విండోస్ 95 కాలంలో మైక్రోసాఫ్ట్ జోలియెట్‌ను తెచ్చింది. పాత పట్టికను కదపకుండా పక్కన రెండో పట్టిక రాసి, అందులో ఒక్కో పేరుకు 64 యూనికోడ్ సంకేతాల వరకు చోటిచ్చింది. తెలుగు లిపి యూనికోడ్ మొదటి తలంలోనే ఉంది కనుక తెలుగు పేర్లు జోలియెట్‌లో చక్కగా నిలుస్తాయి. అయితే 64 అన్నది కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. 'శ్రీ' చూడటానికి ఒక్క అక్షరం, లోపల శ, పొల్లు, ర, ఈకార గుణింతం కలిసి 4 సంకేతాలు. 'వివాహ మహోత్సవం' కంటికి 7 అక్షరాలు, మధ్య ఖాళీతో కలిపి 14 సంకేతాలు. ఇంటిపేర్లు, తేదీ, ముహూర్తం, ఫంక్షన్ హాల్ పేరు కలిపి ఫైల్‌కు పెడితే 64 ఇట్టే దాటిపోతుంది. దాటిన భాగాన్ని రాసే సాఫ్ట్‌వేర్ కత్తిరిస్తుంది. వరసగా ఉన్న ఫైళ్లకు మొదటి 64 సంకేతాలూ ఒకటే అయితే వాటిని విడిగా గుర్తించడానికి తనే అంకెలు తగిలిస్తుంది. అందుకే ఫైళ్ల వరస సంఖ్యను పేరు చివర కన్నా మొదట్లో పెట్టడం మంచిది.

జోలియెట్ చదవలేని పాత ప్లేయర్‌లో అదే డిస్క్ పెడితే అసలు ఐఎస్‌ఓ పట్టిక కనిపిస్తుంది. అందులో తెలుగుకు చోటు లేదు కనుక పేరు నిండా అండర్‌స్కోర్‌లు, అంకెలు ఉంటాయి. పాట మాత్రం నిక్షేపంగా మోగుతుంది.

యూనిక్స్ వాళ్ల అవసరం వేరు. ఫైల్ ఎవరిది, ఎవరికి ఏ అనుమతి ఉంది, ఏది లింక్ అన్న వివరాలు వాళ్లకు కావాలి. రాక్ రిడ్జ్ కొత్త పట్టిక పెట్టకుండా పాత పట్టికలోనే ప్రతి ఫైల్ పక్కన ఉన్న ఖాళీ జాగాలో ఈ వివరాలు రాస్తుంది. పేరు 255 బైట్ల వరకు ఉండొచ్చు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కనుక అది 85 సంకేతాలకు సమానం. విండోస్ రాక్ రిడ్జ్‌ను పట్టించుకోదు. కాబట్టి లినక్స్‌లో జోలియెట్ లేకుండా రాక్ రిడ్జ్‌తోనే రాసిన డిస్క్ విండోస్‌లో పెడితే పేర్లన్నీ పొట్టి పెద్దబడి అక్షరాల్లో కనిపిస్తాయి. లోతైన ఫోల్డర్లు 'ఆర్‌ఆర్_మూవ్డ్' అనే పేరు కింద కుప్పగా పడి ఉండటం కూడా చూడొచ్చు. అది వైరస్ కాదు. 8 అంతస్తుల నియమం దాటిన ఫోల్డర్లను దాచిన చోటు అది.

యూడీఎఫ్ ఎందుకొచ్చింది, అందులో ఆరు వెర్షన్లెందుకు

ఐఎస్‌ఓ 9660 ఒకసారి రాసి మూసేసే డిస్క్ కోసం పుట్టింది. ఫైల్ సైజును 32 బిట్లలో రాస్తుంది కనుక లెవెల్ 1, 2లలో ఒక ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి. డీవీడీ, తిరగరాసే డిస్కులు వచ్చాక ఇది సరిపోలేదు. ఓఎస్‌టీఏ అనే పరిశ్రమ సంఘం యూడీఎఫ్‌ను రూపొందించింది. పేరులో తెలుగు లాంటి లిపులకు 127 సంకేతాల వరకు చోటుంది. ఫైల్ సైజుకు ఆచరణలో అడ్డు లేదు.

చిక్కంతా వెర్షన్లతోనే. 1996లో వచ్చిన 1.02 డీవీడీ వీడియోకు పునాది. 1997లో వచ్చిన 1.50 ఒక్కసారే రాసే సీడీ మీద కూడా పెన్‌డ్రైవ్ మాదిరి కొంచెం కొంచెంగా రాసే వీలు కల్పించింది. 2.00, 2.01 తర్వాతి మెరుగులు. 2003 నాటి 2.50 పట్టికనంతా ఒకచోట చేర్చే 'మెటాడేటా పార్టిషన్' తెచ్చింది. బ్లూరే సినిమాలు దీని మీదే నడుస్తాయి. 2005 నాటి 2.60 ఆఖరిది. కొత్త వెర్షన్ తెలిసిన డ్రైవర్ పాతది చదువుతుంది. పాత డ్రైవర్‌కు కొత్త పార్టిషన్ పద్ధతి అర్థం కాదు, అప్పుడది డిస్క్ ఖాళీ అంటుంది.

వీటిలో ఎక్కువగా తలనొప్పి తెచ్చేది 1.50తో వచ్చిన వాట్ (వర్చువల్ అలొకేషన్ టేబుల్) పద్ధతి. సీడీ-ఆర్ మీద ఒకసారి రాసింది చెరగదు. మరి ఫైల్ మార్చడం, తీసేయడం ఎలా? మార్చిన ఫైల్‌ను కొత్తచోట రాసి, పాత చిరునామా బదులు కొత్తది చూడమని ఒక మళ్లింపు పట్టిక రాస్తారు. మళ్లీ మారిస్తే మళ్లీ కొత్త పట్టిక. చెల్లుబాటయ్యే పట్టిక ఎప్పుడూ డిస్క్ మీద రాసిన ఆఖరి సెక్టార్లో ఉంటుంది. చదివే కంప్యూటర్ ముందు ఆఖరి సెక్టార్ ఏదో డ్రైవ్‌ను అడుగుతుంది. కొన్ని డ్రైవ్‌లు ఒకటి రెండు సెక్టార్లు అటూ ఇటుగా చెబుతాయి. అప్పుడు పట్టిక దొరకదు, డిస్క్ ఖాళీ అయిపోతుంది. ఇదే డిస్క్ వేరే డ్రైవ్‌లో పెడితే తెరుచుకునే సందర్భాలు అందుకే వస్తాయి. ఇందులో ఒక మేలు కూడా ఉంది. తీసేసిన ఫైల్ పట్టికలోంచి పోయిందే తప్ప డిస్క్ మీద అలాగే ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తెచ్చుకోవచ్చు.

సీడీ-ఆర్‌డబ్ల్యూను ఇలా ఫార్మాట్ చేస్తే జాగా తగ్గుతుంది. ప్రతి 32 సెక్టార్లకు 7 సెక్టార్లు అతుకు కోసం పోతాయి కనుక 700 ఎంబీ డిస్క్‌లో సుమారు 570 ఎంబీ మిగులుతుంది. అమ్మినవాడు మోసం చేశాడని అనుకోనక్కర్లేదు.

ఏ సిస్టమ్ ఏది చదువుతుంది

విండోస్ 98 యూడీఎఫ్ 1.02 వరకే చదివేది. విండోస్ 2000 నాటికి 1.50 వరకు, ఎక్స్‌పీలో 2.01 వరకు వచ్చింది. ఎక్స్‌పీ యూడీఎఫ్ రాయలేదు. అందుకే ఆ రోజుల్లో నీరో వాళ్ల ఇన్‌సీడీ, అడాప్టెక్ వాళ్ల డైరెక్ట్‌సీడీ లాంటివి విడిగా వేసుకునేవారు. విస్టాతో చిత్రం మారింది. 2.50 వరకు చదవడం, రాయడం, 2.60 చదవడం సిస్టమ్‌లోనే వచ్చేశాయి. విస్టాలో 2.50తో ఫార్మాట్ చేసిన డిస్క్ ఎక్స్‌పీలో తెరుచుకోదు, మామూలుగా వచ్చే 2.01తో చేసింది తెరుచుకుంటుంది. ఒక ఆఫీసులోనే పక్కపక్క కంప్యూటర్లలో వేర్వేరు ఫలితం రావడానికి ఈ ఒక్క ఎంపిక చాలు.

యాపిల్ సిస్టమ్‌లో 2007 నాటి 10.5 నుంచి 2.60 వరకు చదవగలిగారు. లినక్స్ కెర్నల్‌లో 2.50 చదవడం 2008లో, 2.6.26తో వచ్చింది. లినక్స్ 2.01 వరకు రాయగలదు, 2.50 ఆపైన చదవడంతోనే సరిపెట్టుకుంటుంది.

డిస్క్ మీద నాలుగు పట్టికలుంటే ఏది ఎంచుకుంటారన్న దగ్గర మళ్లీ తేడా. విండోస్ ముందు యూడీఎఫ్ ఉందా అని చూస్తుంది, లేకపోతే జోలియెట్, అదీ లేకపోతే పొట్టిపేర్లు. లినక్స్‌లో ఐఎస్‌ఓగా మౌంట్ చేస్తే, అంటే ఐఎస్‌ఓ పట్టికతో తెరిస్తే, రాక్ రిడ్జ్‌కు మొదటి పీట, తర్వాత జోలియెట్. మ్యాక్ తన సొంత హెచ్‌ఎఫ్‌ఎస్ ఉంటే దాన్ని తీసుకుంటుంది. విండోస్‌కూ మ్యాక్‌కూ పనికొచ్చేలా ఆ రోజుల్లో వచ్చిన హైబ్రిడ్ సీడీల్లో మ్యాక్ సగం పాత హెచ్‌ఎఫ్‌ఎస్‌లో ఉండేది. 2019 నాటి కాటలీనాతో మ్యాక్‌ఓఎస్ ఆ పాత హెచ్‌ఎఫ్‌ఎస్‌ను పూర్తిగా వదిలేసింది. అలాంటి సీడీలోని మ్యాక్ భాగం ఇవాళ కొత్త మ్యాక్‌లో నేరుగా తెరుచుకోదు. తయారుచేసినవాళ్లే తమ పాత పద్ధతిని వదిలేశాక, అందులో దాచుకున్నదాన్ని వేరేచోటికి మార్చుకోవడం ఒక్కటే దారి.

మూయని సెషన్లు

విండోస్ 7 నుంచి ఖాళీ డిస్క్ పెట్టగానే రెండు దారులు చూపిస్తుంది: యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా, లేదా సీడీ/డీవీడీ ప్లేయర్‌తో. మొదటిది యూడీఎఫ్‌తో రాస్తుంది. డిస్క్ బయటికి తీసేటప్పుడు సెషన్‌ను, అంటే ఒక విడతలో రాసినదాన్ని, మూస్తుంది, మూసిన ప్రతిసారీ 20 ఎంబీ దాకా జాగా పోతుంది. మూయడం పూర్తికాకముందే కరెంటు పోయినా, కేబుల్ లాగేసినా ఆ డిస్క్ ఇంకెక్కడా కనిపించదు. విరుగుడు సులువే. వీలైతే రాసిన డ్రైవ్‌లోనే మళ్లీ పెట్టి, డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'క్లోజ్ సెషన్' నొక్కాలి. రెండోది ఐఎస్‌ఓ తరహాలో ఒకేసారి రాసి మూసేస్తుంది. కారు స్టీరియోకు, టీవీ పక్కనున్న డీవీడీ ప్లేయర్‌కు ఇదే సరైనది.

పాత మల్టీసెషన్ సీడీల్లో ఇంకో గొడవ ఉంది. ప్రతి సెషన్‌కూ సొంత పట్టిక ఉంటుంది, కంప్యూటర్ ఆఖరిదాన్నే చూస్తుంది. రెండోసారి రాసేటప్పుడు పాత సెషన్‌ను దిగుమతి చేసుకోకపోతే మొదటి విడత ఫొటోలు మాయమైనట్టుంటాయి. లినక్స్‌లో మౌంట్ చేసేటప్పుడు సెషన్ సంఖ్య ఇచ్చి పాతదాన్ని అడగొచ్చు. విండోస్‌లో ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రామ్ అన్ని సెషన్లనూ, ప్రతి సెషన్లోని అన్ని పట్టికలనూ విడివిడిగా చూపిస్తుంది.

ఫైల్ సిస్టమ్ తప్పు కానివి

ఫైళ్లు కనిపించి కూడా తెరుచుకోకపోతే ఆ చిక్కు ఫైల్ సిస్టమ్‌ది కాదు. స్కాన్ సీడీలో చిత్రాలతో పాటు ఇచ్చే వ్యూయర్ తరచూ విండోస్ ప్రోగ్రామ్. మ్యాక్‌లో అది నడవకపోయినా చిత్రాలను వేరే డైకామ్ వ్యూయర్‌తో చూడొచ్చు. విండోస్ 10లో డీవీడీ సినిమా ఆడించే సదుపాయం సిస్టమ్‌తో పాటు రాదు, వీఎల్‌సీ వేసుకుంటే పెళ్లి వీడియో ఆడుతుంది. డీటీపీ సీడీలో పేజ్‌మేకర్ ఫైల్ తెరిచాక తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తే అది ఫాంట్ సంగతి. అను ఫాంట్ల లాంటి యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చిన ఫైల్‌కు ఆ ఫాంటే కావాలి.

తెరుచుకోని డిస్క్ చేతికొస్తే

ముందు చెవితో వినాలి. డ్రైవ్ గరగరమంటూ నిమిషాల తరబడి తిరిగి ఆగిపోతే గీతలో, రంగుపొర దెబ్బతినడమో అయి ఉండొచ్చు. వెంటనే ప్రశాంతంగా ఖాళీ అని చెబితే పట్టిక అర్థం కాలేదని అనుమానించాలి. టిక్కుటిక్కుమంటూ డ్రైవ్ మాటిమాటికీ డిస్‌కనెక్ట్ అవుతుంటే కరెంటు చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, 3.0 ఇచ్చేది 900. హబ్ తీసేసి నేరుగా నీలం రంగు పోర్ట్‌కు పెట్టడం, లేదా రెండు కొసల వై కేబుల్ వాడటం ముందుగా చేయాల్సిన పని.

ఆ తర్వాత మరో డ్రైవ్‌లో చూడాలి. అదీ కుదరకపోతే డిస్క్ మొత్తాన్ని సెక్టార్ల వారీగా ఒక ఇమేజ్ ఫైల్‌గా తీసుకోవాలి. లినక్స్‌లో డీడీరెస్క్యూ దీనికి తగినది, సెక్టార్ సైజు 2048 అని చెప్పాలి. ముందు చదవగలిగినవన్నీ తీసుకుని, మొండికేసిన సెక్టార్ల దగ్గరికి తర్వాత వస్తుంది. ఇమేజ్ చేతికొచ్చాక దాన్ని ఒకసారి యూడీఎఫ్‌గా, ఒకసారి ఐఎస్‌ఓగా మౌంట్ చేసి చూస్తే ఏ పట్టిక బతికుందో తేలిపోతుంది. తెలుగు పేర్ల బదులు వరసగా ప్రశ్నార్థకాలు వస్తే మౌంట్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. పెళ్లి డీవీడీ అయితే 'వీడియో_టీఎస్' ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేయాలి. డీవీడీ నియమం ప్రకారం వీడియో ఒక్కోటీ 1 జీబీ మించని ముక్కలుగా ఉంటుంది. ఒక్క ముక్క తీసుకుంటే తలంబ్రాల దగ్గర ఆగిపోతుంది.

కొత్తగా రాయాల్సి వస్తే

ఎవరికిస్తామో తెలియని డిస్క్‌కు ఐఎస్‌ఓ 9660తో పాటు జోలియెట్, రాక్ రిడ్జ్ రెండూ పెట్టి, ఒకే సెషన్లో రాసి మూసేయడం అన్నిటికన్నా నమ్మకం. లినక్స్‌లో కే3బీ, విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ లాంటివి ఈ ఎంపికలు చూపిస్తాయి. ఇమ్‌గ్‌బర్న్‌లో రాక్ రిడ్జ్ లేకున్నా ఫరవాలేదు, జోలియెట్‌ను లినక్స్ చదువుతుంది. 4 జీబీ దాటిన ఫైల్ ఉంటే డీవీడీకి యూడీఎఫ్ 1.02 చాలు. బ్లూరే సినిమా డిస్క్‌కు 2.50 తప్పదు, డేటా దాచడానికైతే తక్కువ వెర్షన్ ఎంచుకున్నా నష్టం లేదు. రాయడం అయ్యాక 'వెరిఫై' వదిలేయకూడదు. దానికి పట్టేది కొన్ని నిమిషాలు, రాసింది మళ్లీ చదవగలుగుతున్నామో లేదో తెలిసేది అక్కడే. డిస్క్ నడుమ పారదర్శకంగా ఉండే వలయం మీద, నీటి సిరా మార్కర్‌తో, తేదీ పక్కనే 'యూడీఎఫ్ 1.02, మూసింది' అని రాసిపెట్టాలి. పదేళ్ల తర్వాత డ్రైవ్ వెతుక్కుని తెచ్చినవాళ్లకు ఏ పట్టిక కోసం వెతకాలో ఆ రెండు ముక్కలే చెబుతాయి.